తొంభై రెండు కిలోల కొలత

దారాలాయన అన్న పేరు తనకు ఎవరు పెట్టారో ఆయనకే తెలీదు. పెట్టినవాడు మాత్రం సరిగ్గానే పెట్టాడు. కారు చక్రాలు సరిచేసే షెడ్లన్నీ కంప్యూటర్లకు మారిపోయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఈయన మాత్రం ఇప్పటికీ కారు చుట్టూ నాలుగు స్టాండ్లు నిలబెట్టి, చేపలు పట్టే సన్న దారం బిగించి, చేతిలో ఉక్కు స్కేలుతో నేలమీద బోర్లా పడుకుని ఒంటికన్నుతో చూస్తాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పక్క షెడ్డు టైర్లవాడు నవ్వుతాడు. నవ్వుతూనే, తన మెషీనుకు లొంగని కారేదైనా వస్తే వెనక గేటులోంచి ఇటు తోలేస్తాడు.

ఈ దారాల పిచ్చి ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి దర్జీ. పొద్దస్తమానం మెడలో టేపు వేసుకునే తిరిగేవాడు, ఆ టేపుతోనే అన్నానికి కూర్చునేవాడు. కొడుక్కి కుట్టుపని అబ్బలేదు. కానీ ఆ పని తాలూకు రెండు మాటలు మాత్రం ఒంటబట్టాయి. ఒకటి, మనిషిని నిలబెట్టకుండా కొలత తీయకు. రెండోది, జబ్బు పడి లేచినవాడికి అసలే తీయకు. రెండోదానికి తండ్రి చెప్పిన కారణం ఇది: "ఆ ఒంటికి కుట్టావంటే ఆ ఒళ్ళే ఖాయం చేసినట్టు. తిని తేరుకుని రమ్మను, అప్పుడు కుడదాం." మంచి గుడ్డ, తొందరపడే గిరాకీ రెండూ ఎదురుగా ఉన్నా సరే, చిక్కిపోయి వచ్చినవాడిని ఆయన టేపు ముట్టుకోకుండానే వెనక్కి పంపేవాడు.

మొదటి మాటను దారాలాయన కార్లకు పెట్టాడు. కారు ఖాళీగా ఉన్నప్పుడు చక్రాలు ఒకలా నిలుస్తాయి, మనిషి ఎక్కాక ఇంకోలా నిలుస్తాయి. మామూలు కార్లకు ఆ తేడా లెక్కలోకి రాదు. నేలకు ఆనేలా దించేసి, ఇంజను మార్చేసి, బరువులన్నీ పీకేసిన చిన్న స్పోర్ట్స్ కార్లకు మాత్రం తోలేవాడి బరువే సగం లెక్క. అందుకని మూతబడిన గోదాములోంచి నాలుగు కాటాలు కొనుక్కొచ్చి, ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టుకున్నాడు. తండ్రి కుట్టుమిషను మీదే మందపాటి గుడ్డతో ఐదు కిలోల, పది కిలోల ఇసుక సంచులు కుట్టుకున్నాడు. యజమాని గంటల తరబడి సీట్లో కూర్చోలేడు కాబట్టి ఆయన బరువుకు సరిపడా సంచులు కూర్చుంటాయి. ఎవరి బరువెంతో నోటుబుక్కులో రాసి ఉంటుంది. బరువు అడిగితే అబద్ధాలు చెప్పేది మగవాళ్ళేనని ఆయన అనుభవం. అందుకే నోటిమాట నమ్మడు, కాటా ఎక్కిస్తాడు.

ఆ బుక్కులో మొదటి పేజీ బావది.

బావ అంటే అక్క మొగుడు. కళ్ళద్దాల షాపు ఉంది. అరవైకి రెండేళ్ళు తక్కువ. ఊళ్ళో సగం మంది చూపు సరిచేసిన మనిషి, సొంత పెళ్ళాం చూపుల్ని మాత్రం ఎప్పుడూ సరిగ్గా చదవలేదని అక్క అంటుంది. ఆయనకున్న వ్యసనం ఒక్కటే. ఎవరో తుప్పు పట్టించి వదిలేసిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొని, బావమరిది చేత ఆరు నెలలు మరమ్మతు చేయించాడు. దించారు, స్ప్రింగులు మార్చారు, పెద్ద ఇంజను ఎక్కించారు. ఎనిమిది నెలల కిందట కాటాల మీద పెట్టి, తొంభై రెండు కిలోలకు కొలత కట్టి తాళాలిచ్చాడు దారాలాయన. ప్రతి నెలా మొదటి ఆదివారం ఊరి బయట వాడకంలో లేని పాత రన్‌వే మీద ఇలాంటి పిచ్చివాళ్ళు పాతికమంది చేరతారు. బావ అక్కడ నూట ఎనభైలో వెళ్ళొచ్చి, రెండ్రోజులు షాపులో తనలో తనే నవ్వుకుంటూ కూర్చునేవాడు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం షెడ్డుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, కారు అమ్మేస్తున్నానన్నాడు.

"ఏమైంది బావా?"

"నూట నలభై దాకా బుద్ధిగానే పోతుందిరా. నూట యాభై దాటిందా, ఎవరో తోక పట్టుకుని ఊపుతున్నట్టు ఉంటుంది. మూడు నెలలుగా ఇదే వరస."

"మూడు నెలలా? నాకెందుకు చెప్పలేదు?"

బావ నేల చూపులు చూశాడు. సంగతేమిటంటే, చెప్పాల్సిన వాళ్ళందరికీ చెప్పాడు, ఈయనకు తప్ప. కట్టినవాడి దగ్గరికే వెళ్ళి నీ కారు ఊగుతోందని చెప్పడానికి మొహమాటం. టైర్లవాడు చక్రాల బ్యాలెన్సు రెండుసార్లు చూసి, టైర్లు కూడా మార్చాడు. ఇంజను మెకానిక్కు పక్కసీట్లో కూర్చుని, బావ చేతే నూట అరవై తోలించి చూశాడు. కారు గీత గీసినట్టు పోయింది. ఇంకోసారి, మరోసారి, అదే తీరు. ఒంటరిగా వెళితే మాత్రం మళ్ళీ ఊపు. చివరికి అందరూ కలిసి ఒక మాట మీదికొచ్చారు. ఆ మాట టైర్లవాడు మొహంమీదే అన్నాడు: "ఆడలేక మద్దెల ఓడు అంటే ఎలాగండీ. బండిలో ఏం లేదు. పక్కన మనిషుంటే మీకు ధైర్యం, లేకపోతే చేతులు వణుకుతున్నాయి. వయసు."

"నిజమేరా," అన్నాడు బావ. "వణుకుతున్నాయి. శుక్రవారం ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. ఇచ్చేస్తా. నా పనైపోయింది."

తన పనైపోయిందని బావ నోట వినడం దారాలాయనకు అదే మొదలు. ఆయనకు చాలా బాధ కలిగింది. బాధతోపాటు కొంచెం కోపం కూడా, తన కొలత తప్పిందేమోనన్న అనుమానం వల్ల వచ్చిన కోపం. కారు ఇక్కడే వదిలి వెళ్ళమన్నాడు.

మూడు రోజులు ఆ కారు కింద నుంచి లేవలేదు. కాటాలు పెట్టాడు, తొంభై రెండు కిలోల సంచులు కూర్చోబెట్టాడు, దారం బిగించాడు. ఎనిమిది నెలల కిందట రాసుకున్న అంకెలు, ఇప్పటి అంకెలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. రబ్బరు బుషులు విప్పి చూశాడు. బాగున్నాయి. కుదుపు ఆపే డాంపర్లు నొక్కి చూశాడు, నూనె కారడం లేదు. స్టీరింగు కీళ్ళు పట్టుకుని కుదిపితే ఇసుమంత ఆట లేదు. లోపం దొరకని కారు కన్నా వంద లోపాలున్న కారు నయమని ఆయనకు తెలుసు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని గోడకేసి చూస్తుంటే భార్య విసుక్కుంది.

"ఆ కారు సంగతి రేపు చూసుకోవచ్చు గానీ, పొద్దున్నే నడకకు లేవండి. మీ బావగారిని చూసి నేర్చుకోండి. ఎంత సన్నబడ్డారో."

ఇది ఆ ఇంట్లో కొత్త పోరు. బావ ఈ మధ్య సన్నబడ్డాడు. ఏం చేశారని ఎవరడిగినా, తెల్లారగట్ల ఆరు కిలోమీటర్లు నడుస్తున్నానని చెబుతున్నాడు. అక్క ఆ మాట వీధి వీధంతా చెప్పింది. దాని ఫలితం దారాలాయన మీద పడింది. రెండు నెలలుగా ఆయన్ని ఐదింటికి లేపి రోడ్డు మీదికి తోస్తున్నారు. చెప్పులు అరిగాయి గానీ ఎనభై ఆరు కిలోలు మాత్రం చెక్కు చెదరలేదు. బావంటే ఆయనకు ఇష్టమే, ఐదింటికి మాత్రం ఇష్టం కాస్త తగ్గేది.

గురువారం పొద్దున ఇద్దరూ రన్‌వే మీదికెళ్ళారు. మొదట ఇద్దరూ ఎక్కారు. నూట డెబ్భై. కారు తిన్నగా పోయింది. తర్వాత దారాలాయన ఒక్కడే తోలాడు. తిన్నగానే పోయింది. దిగి తాళాలు బావ చేతిలో పెట్టి, "నువ్వొక్కడివే వెళ్ళు. నేను ఒడ్డున నిలబడి చూస్తా," అన్నాడు.

సగం దూరంలో, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దారం వెనక నుంచి చూసే అలవాటున్న కన్ను కాబట్టి, ఎదురుగా వచ్చే కారులో మిల్లీమీటరు కదలిక కూడా ఆయనకు తెలుస్తుంది. కారు వచ్చింది, చప్పుడు పెరిగింది, ఎదురుగా దాటేటప్పటికి వెనకభాగం కుడికి జారి, ఎడమకు జారి, మళ్ళీ కుడికి జారింది. ముందు చక్రాలు మాత్రం తిన్నగానే ఉన్నాయి. అంటే స్టీరింగు పట్టుకున్నవాడు ఏమీ చేయలేదు. భయమన్నది ముందు చక్రాల్ని వణికిస్తుందేమో గానీ, వెనక చక్రాల దాకా పోదు.

బావ కారు ఆపి దిగాడు. ముఖమంతా చెమట.

"ఊగింది బావా," అన్నాడు దారాలాయన. "నేను చూశాను. నీ వయసు కాదు, కారే."

బావ కారు మీద చెయ్యి పెట్టి, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. మూడు నెలల్లో ఆయన మాట నమ్మిన మొదటి మనిషి బావమరిది. ఆ మాట ఆయన పైకి అనలేదు గానీ అనాల్సిన పని కూడా లేదు.

షెడ్డుకు వచ్చేటప్పటికి ఎండ ముదిరింది. కారును మళ్ళీ కాటాల మీదికి ఎక్కించారు. సంచులు మోసి మోసి దారాలాయన నడుము పట్టేసింది. నాలుగు రోజుల్లో నాలుగోసారి తొంభై రెండు కిలోలు ఎత్తే ఓపిక లేక, "కాసేపు నువ్వే కూర్చో బావా," అన్నాడు. ఇంత కథకూ మలుపు ఆ నడుంనొప్పి.

కాటాల మీద అంకెలు చూసి ఆయన ముందు తిట్టుకున్నాడు. నాలుగూ కలిపితే, సంచులతో వచ్చినదానికన్నా పందొమ్మిది కిలోలు తక్కువ చూపిస్తున్నాయి. కాటా పాడైందనుకున్నాడు. కుడివైపువి ఎడమకు, ముందువి వెనక్కి మార్చాడు. అదే పందొమ్మిది. బావను దింపి తనే ఎక్కి కూర్చున్నాడు. కారు బరువు తీసేస్తే ఎనభై ఆరు, సరిగ్గా చూపించింది. అప్పుడు ఒక కాటా ఈడ్చుకొచ్చి నేలమీద పెట్టి, బావను దాని మీద నిలబడమన్నాడు.

డెబ్భై మూడు.

దారాలాయన ఆ అంకె కేసి చూస్తూ నిలబడిపోయాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని. మనిషిని నిలబెట్టకుండా కొలత తీయకు అన్న తండ్రి మాటను నలభై ఏళ్ళు పాటించి, బావ దగ్గర మాత్రం తప్పాడు. సన్నబడ్డాడని రోజూ వింటూ కూడా, సొంత మనిషి కదా, ఎంతుంటాడో తెలియదా అని పాత అంకెకే సంచులు పేర్చాడు.

ఇక కారు సంగతి అరటిపండు ఒలిచినట్టు విడిపోయింది. సీటులో తొంభై రెండు కిలోలుంటే కారు ఎంత కూర్చుంటుందో అంతకే వెనక చక్రాల్ని కట్టాడు, వాటి ముక్కులు, అంటే ముందు అంచులు, రవ్వంత లోపలికి చూసేలా. డెబ్భై మూడు కిలోలకు కారు నిండా కూర్చోవడం లేదు, కాస్త పైకి లేచి ఉంటోంది. నూట యాభై దాటాక గాలి తోకను ఇంకొంచెం లేపుతుంది. ఆ కాస్తకు ఈ కొంచెం కలిసేసరికి చక్రాల ముక్కులు బయటికి తిరుగుతున్నాయి. చెరో దిక్కుకు పోవాలని చూసే చక్రాలతో తోక ఊగక ఏమవుతుంది? పక్కన మనిషి కూర్చుంటే కారు మళ్ళీ దిగుతుంది, ఊపు పోతుంది. అందుకే ఏ మెకానిక్కుకూ దొరకలేదు.

ఇదంతా విని బావ పెద్దగా నవ్వాడు. మూడు నెలల తర్వాత నవ్విన నవ్వు.

"ఇంతేనా? అయితే కానీరా. డెబ్భై మూడుకి కట్టేయ్. అరగంట పని కదా?"

"అరగంట కూడా పట్టదు."

స్పానరు చేతిలోకి తీసుకుని కారు కిందికి వంగాడు. వంగినవాడు మళ్ళీ లేచాడు. ఎనిమిది నెలలు, పందొమ్మిది కిలోలు. తను రెండు నెలలు నడిస్తే పావుకిలో కూడా తగ్గలేదు.

"బావా, రోజూ ఎంత దూరం నడుస్తున్నావు?"

"ఆరు."

"ఎటువైపు?"

బావ షర్టు మొదటి గుండీ పెట్టుకోబోయాడు. రెండుసార్లు జారింది.

"నేను రోజూ ఐదింటికి ఆ రోడ్డు మీదే చస్తున్నా బావా. ఒక్కనాడూ నువ్వు కనపళ్ళేదు."

"నడవట్లేదురా," అన్నాడు చివరికి. "ఒక్క రోజు కూడా నడవలేదు. ఊరికే తగ్గుతూ వచ్చింది. అందరూ బాగున్నారు, బాగున్నారు అంటుంటే... మీ అక్క కూడా పదేళ్ళ తర్వాత మొదటిసారి బాగున్నావంది. ఏం చేస్తున్నావని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా."

"తిండి?"

"ముందుకన్నా రెట్టింపు తింటున్నా. ఆకలి తీరదు. నిద్ర రాదు. చలిలో కూడా చెమట. షాపులో కళ్ళజోడు మరలు బిగించలేక ఆ పని కుర్రదానికి ఇచ్చేశా. వయసేలే అనుకున్నా."

చెయ్యి చాపమన్నాడు దారాలాయన. బావ చాపాడు. వేళ్ళు సన్నగా, విడవకుండా వణుకుతున్నాయి. కారుకూ మనిషికీ కూడా ఊపు ఉందన్నమాట. టైర్లవాడు చెప్పింది సగం నిజం. ఆ సగం నిజం చూసి మిగతా సగాన్ని అందరూ కొట్టిపారేశారు.

దారాలాయన స్పానరు తుడిచి పెట్టెలో పెట్టేశాడు. దారం చుట్టేశాడు.

"ఏంట్రా, కట్టవా?"

"కట్టను. ఈ ఒంటికి నేను కొలత తీయను."

"పిచ్చా? మీ నాన్న గుడ్డలకు చెప్పిన మాట అది."

"దీనికీ అదే."

బావకు కోపం వచ్చింది. తను బాగానే ఉన్నానన్నాడు, ఊళ్ళో నువ్వొక్కడివే ఉన్నావా అన్నాడు, టైర్లవాడైతే అడగ్గానే కట్టిస్తాడన్నాడు. అన్నీ విని, దారాలాయన కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. అక్కకు ఫోన్ చేశాడు.

అక్క ఆటో దిగి నేరుగా కాటా దగ్గరికొచ్చింది. మొగుణ్ణి ఎక్కమంది. అంకె చూసింది. ఆవిడ నోరు చాలా పెద్దదని కుటుంబంలో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ నోట్లోంచి ఒక్క తిట్టు కూడా రాలేదు.

"నేనేమో వీధంతా చెప్పుకుని మురిసిపోయాను," అంది తమ్ముడితో. "రోజూ అన్నం వడ్డించేదాన్ని. నాకు తెలియలేదు. నీ కారుకు తెలిసింది."

శుక్రవారం కారు చూడ్డానికి వచ్చినాయన మూసిన షెడ్డు చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ సమయానికి ముగ్గురూ ఆస్పత్రి బెంచీ మీద ఉన్నారు. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందని నెత్తురు పరీక్షలో తేలింది. గుండె లయ అప్పటికే తప్పుతోందనీ, ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే స్టీరింగు ముందే ఏదో ఒకటి జరిగేదనీ డాక్టరమ్మ మామూలు గొంతుతో చెప్పింది. మాత్రలు రాసిచ్చింది. నయమవుతుంది గానీ తొందరపడొద్దంది.

తొందర బావ రక్తంలోనే ఉంది. వేళ్ళ వణుకు తగ్గి, నాలుగో నెలకు గుండె బాగుందని డాక్టరమ్మ చెప్పగానే షెడ్డుకొచ్చి తనంతట తనే కాటా ఎక్కాడు. ఎనభై మూడు. ఇక కట్టమన్నాడు. కట్టనన్నాడు దారాలాయన. కానీ మనిషి ముఖం చూసి కాస్త మెత్తబడి, తండ్రి కుట్టుమిషను ముందు కూర్చుని కొత్త సంచి కుట్టాడు. అందులో తొమ్మిది కిలోల ఇసుక పోసి, సీటు వెనక రెండు బెల్టులతో కదలకుండా బిగించాడు. నూట పాతిక దాటనని అక్క తల మీద ఒట్టు వేయించుకుని తాళాలిచ్చాడు.

ఆ తర్వాతి లెక్క అక్కది. బావ ఒంట్లో ఒక కిలో పెరిగినప్పుడల్లా ఆవిడ సంచి విప్పి, వంటింటి త్రాసులో తూచి, ఒక కిలో ఇసుక తీసి పెరట్లో కుండీలో పోసేది. పావుకిలో అటూ ఇటూ అయినా ఒప్పుకునేది కాదు. మధ్యలో ఒక నెల బావ రెండు కిలోలు తగ్గాడు. ఆ నెల అక్క కుండీలోంచి రెండు కిలోలు తీసి మళ్ళీ సంచిలో పోసింది.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఆవిడ రన్‌వే దగ్గరికొచ్చింది. ఆ కారు పరిగెత్తడం చూడ్డానికి ఆవిడ రావడం అదే మొదటిసారి. ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి తమ్ముడి చేతిలో పెట్టింది. ముందురోజే కాటా మీద తొంభై రెండు వచ్చింది. దారాలాయన చక్రాల్ని దారంతో చూశాడు గానీ ఒక్క నట్టు కూడా తిప్పలేదు. తిప్పాల్సిన పని పడలేదు. కొలత ఉన్నచోటే ఉంది, మనిషి తిరిగొచ్చి అందులో కూర్చున్నాడు.

బావ ఒక్కడే బయల్దేరాడు. అక్కాతమ్ముళ్ళు గడ్డిలో నిలబడ్డారు. చప్పుడు పెరిగింది, కారు ఎదురుగా దాటింది, నూట డెబ్భైకి తక్కువ ఉండదు. వెనక చక్రాలు దారం పట్టినట్టు పోయాయి.

"ఊగిందా?" అంది అక్క.

"లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూశానక్కా."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, దూరంగా తిరుగుతున్న కారునే చూస్తూ, "ఇంకోసారి రమ్మను. ఈసారి నేను చూస్తా," అంది.